1600 మీటర్లు: టైమింగ్ తగ్గాలంటే రోజూ టైమ్ పెట్టి పరిగెత్తకండి

తెల్లవారుజామున ఐదింటికి ఏ ఊళ్లో కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. కానిస్టేబుల్, ఆర్మీ ఉద్యోగాల పరుగు పరీక్షకి తయారయ్యే పదిమంది గీత మీద నిలబడతారు, ఒకరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతారు, అందరూ ప్రాణం పెట్టి 1600 మీటర్లు కొడతారు, టైమింగ్ చూసుకుని ఇంటికి పోతారు. మర్నాడూ అంతే. మొదటి రెండు మూడు వారాలు టైమ్ బాగానే తగ్గుతుంది. ఆ తర్వాత 7 నిమిషాల 40 సెకన్ల దగ్గరో 50 దగ్గరో ఆగిపోయి నెలయినా కదలదు. పిక్కలు పట్టేస్తాయి, మోకాలి కింద ఎముక నొప్పి మొదలవుతుంది, "నా వల్ల కాదులే" అనిపిస్తుంది. వేగం ఆగడానికీ మనసు విరగడానికీ కారణం ఒకటే: రోజూ పరీక్ష రాస్తున్నారు, చదవడం మానేశారు. ఈ పద్ధతి మార్చుకుంటే రెండూ కలిసే బాగుపడతాయి.

ముందు లెక్క

గత నోటిఫికేషన్ల ప్రకారం తెలంగాణ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో (దేహదారుఢ్య పరీక్షల్లో) మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లకు మగవాళ్లకు 8 నిమిషాలు, ఆడవాళ్లకు 10 నిమిషాల 30 సెకన్లు. ఆర్మీ ర్యాలీలో పూర్తి 60 మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొట్టాలి. మీరు రాసే నోటిఫికేషన్‌లో అంకె ఎంతుందో మీరే చదివి చూసుకోండి, ఎవరో చెప్పింది నమ్మకండి.

400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. 7:15 అంటే రౌండుకి సుమారు 109 సెకన్లు, 8:00 అంటే 120, 5:30 అంటే 82 సెకన్ల పైచిలుకు. తెలంగాణ ఆడవాళ్ల 800కి రౌండుకి 160 సెకన్లు. మీ లక్ష్యం మాత్రం కటాఫ్ కంటే కనీసం 20-25 సెకన్లు తక్కువ పెట్టుకోవాలి. ఈవెంట్ రోజు ఎండలో గంటల తరబడి నిలబడాలి, గుంపులో తోసుకుంటారు, బయటి లేన్లోకి జరగాల్సి వస్తుంది. ప్రమాణం ప్రకారం ఉన్న ట్రాక్‌లో ఒక్క లేన్ బయటికి జరిగితే రౌండుకి ఏడెనిమిది మీటర్లు ఎక్కువ. నాలుగు రౌండ్లూ రెండో లేన్లోనే కొడితే దాదాపు 30 మీటర్లు, అంటే సుమారు ఎనిమిది సెకన్లు పోయినట్టే. కాబట్టి 7:15 కావాలంటే 6:50కి తయారవ్వాలి. అంటే రౌండుకి 102 లేదా 103 సెకన్లు.

ఇక గ్రౌండ్ కొలత. స్కూల్ గ్రౌండ్‌లో "ఇది 400" అని అందరూ అనుకునేది చాలాచోట్ల 340 ఉంటుంది, లేదా 370 ఉంటుంది. మీ రికార్డు 6:40 అని సంబరపడి, అసలు రోజు 7:30 రావడానికి ఇదే కారణం. 30 మీటర్ల టేపు, ఇద్దరు మనుషులు, సుద్ద ఉంటే చాలు. లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంగా, మీరు నిజంగా అడుగు వేసే దారి వెంట కొలవండి. ఫోన్ జీపీఎస్‌ని చిన్న రౌండ్లలో నమ్మొద్దు, మలుపుల్ని అది కోసేస్తుంది. 200 మీటర్ల రౌండే ఉంటే ఎనిమిది కొట్టండి. మలుపులు బిగుతుగా ఉంటాయి కాబట్టి అక్కడ వచ్చిన టైమ్ కంటే పెద్ద ట్రాక్ మీద కొంచెం మెరుగే వస్తుంది.

టైమ్ ఎక్కడ పోతోంది

కొలిచిన గ్రౌండ్‌లో ఒక్కసారి పూర్తి జోరుగా 1600 కొట్టండి. స్నేహితుణ్ని గీత దగ్గర నిలబెట్టి ప్రతి రౌండు టైమూ విడిగా రాయించుకోండి. మొత్తం టైమ్ కంటే ఈ నాలుగు అంకెలే విలువైనవి. చాలామంది నోట్‌బుక్‌లో కనిపించే వరుస ఇలా ఉంటుంది: 98, 107, 116, 112. మొత్తం 433 సెకన్లు, అంటే 7:13. కటాఫ్ లోపే వచ్చింది గానీ రెండు సెకన్ల తేడాతో. ఇదే మనిషి మొదటి రౌండు 104లో వెళ్లి ఉంటే మూడో రౌండులో 116 పడేది కాదు. మొదటి రౌండులో మిగిల్చుకున్నామనుకున్న ఆరు సెకన్లకు మూడో రౌండులో రెట్టింపు వడ్డీ కట్టాడు.

శరీరంలో జరిగేది ఏమిటంటే, ఏడు నిమిషాల పరుగులో శక్తి ఐదింట నాలుగు వంతులకు పైగా ఆక్సిజన్ వాడుకునే పుడుతుంది. గుండె, ఊపిరి ఆ స్థాయికి చేరడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా మీరు దూసుకుపోతే ఆ లోటును కండరాలు ఆక్సిజన్ లేకుండా పూడుస్తాయి. దాని ఫలితమే మూడో రౌండులో తొడలు బరువెక్కి కదలకపోవడం. అందుకే మొదటి 200 మీటర్లు "ఇంత నిదానమా" అనిపించేలా ఉంటేనే సరైన వేగంలో ఉన్నట్టు.

దీన్నిబట్టే సాధనలో ఎక్కువ భాగం ఎందుకు నెమ్మదిగా ఉండాలో కూడా తెలుస్తుంది. ఆక్సిజన్‌ని కండరానికి చేర్చే ఏర్పాటు, అంటే గుండె ఒక్క కొట్టుకు తోసే రక్తం, కండరంలోని సన్నని రక్తనాళాలు, ఎక్కువగా నెమ్మది పరుగులో గంటల కొద్దీ గడిపితే పెరుగుతాయి. రోజూ జోరుగా కొడితే అలసట పెరుగుతుంది తప్ప ఈ ఏర్పాటు పెరగడానికి సమయం దొరకదు.

వారం ఎలా గడవాలి

ప్రస్తుతం 7:40 దగ్గర ఉండి 6:50 కావాలనుకునే వ్యక్తికి పది వారాల పద్ధతి ఇది. ఆగకుండా 20 నిమిషాలు పరిగెత్తలేని వాళ్లు దీనికి ముందు మూడు నాలుగు వారాలు వేరుగా పెట్టుకోవాలి: రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఎనిమిది సార్లు, వారానికి నాలుగు రోజులు. ప్రతి వారం పరుగు ఒక నిమిషం పెంచుతూ పోవాలి.

సోమవారం 30 నిమిషాలు నెమ్మది పరుగు. నెమ్మది అంటే పక్కవాడితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి, కిలోమీటరుకి ఆరున్నర నుంచి ఏడు నిమిషాలు. చివర్లో 80 మీటర్ల పరుగులు నాలుగు, ఒకదానికీ ఒకదానికీ మధ్య నడక. ఇవి ప్రాణం పెట్టి కాదు, వేగంగా కానీ ఒళ్లు వదులుగా.

మంగళవారం 400ల రోజు, అంటే విడివిడిగా 400 మీటర్ల పరుగులు, మధ్యలో నడక. ఇదే అసలు పని. బుధవారం విశ్రాంతి. గురువారం 35-40 నిమిషాలు నెమ్మది పరుగు, తర్వాత బలం కసరత్తు. శుక్రవారం ఒక వారం 200లు, ఒక వారం టెంపో. శనివారం విశ్రాంతి, లేదా 20 నిమిషాల నడక. ఆదివారం 50-60 నిమిషాల పొడుగు పరుగు, అదీ నెమ్మదిగానే. చెరువు కట్ట, పొలం గట్టు, మట్టి దారి ఏది దొరికినా సరే, సిమెంటు రోడ్డు తప్పించండి.

మంగళవారం పని ఇలా పెంచుకోవాలి. మొదటి మూడు వారాలు ఐదు 400లు, ఒక్కోటి 108-110 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడక. నాలుగు నుంచి ఆరో వారం దాకా ఆరేడు 400లు, 103-104 సెకన్లలో, నడక ఒకటిన్నర నిమిషం. ఏడు నుంచి తొమ్మిదో వారం దాకా మూడు 800లు, ఒక్కోటి 3 నిమిషాల 26 సెకన్లలో, మధ్య మూడు నిమిషాలు. అన్నీ ఒకే టైమ్‌లో రావాలి. మొదటిది 98, చివరిది 115 వస్తే అది సాధన కాదు, అలవాటైన తప్పునే ఐదుసార్లు చేసినట్టు. వరుసగా రెండు రౌండ్లు నిర్ణయించుకున్న టైమ్ కంటే నాలుగైదు సెకన్లు వెనకబడితే అక్కడితో ఆపేయండి, ఆ రోజుకి దక్కాల్సింది దక్కింది.

శుక్రవారం 200లు ఎనిమిది, 47-49 సెకన్లలో, మధ్య ఒకటిన్నర నిమిషం నడక. లక్ష్యం వేగంలో 200కి పట్టే 51 సెకన్ల కంటే ఇది రెండు నుంచి నాలుగు సెకన్లు తక్కువ. దీనివల్ల అసలు వేగం కాళ్లకు తేలిగ్గా అనిపిస్తుంది. టెంపో అంటే 15-20 నిమిషాలు ఆగకుండా, మధ్యమధ్య రెండు మూడు మాటలు మాత్రమే అనగలిగే వేగంలో పరుగు.

గట్టి రోజుకి ముందు పది నిమిషాలు నెమ్మది పరుగు, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, మోకాళ్లు ఎత్తి 20 మీటర్లు, మడమలు పిరుదులకు తగిలేలా 20 మీటర్లు, తర్వాత 60 మీటర్ల పరుగులు రెండు. చల్లటి కండరాన్ని పట్టుకుని అర నిమిషం సాగదీయడం ముందు వద్దు, అయిపోయాక చేసుకోండి.

బలం కసరత్తుకి జిమ్ అక్కర్లేదు. మెట్టు అంచు మీద ముంగాళ్లతో నిలబడి మడమలు ఎత్తి దించడం 15 చొప్పున మూడు విడతలు, గుంజీల్లా కూర్చుని లేవడం 15 చొప్పున మూడు, ఒక కాలు ముందుకు వేసి వంగడం కాలికి పది చొప్పున, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం 15, ప్లాంక్ (మోచేతులు, కాలి వేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం) అర నిమిషం మూడుసార్లు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. వారం వారం మానకుండా చేసినవాళ్లకు ఎముక నొప్పులు తక్కువగా వస్తాయి, చివరి రౌండులో నడుము కుంగదు.

అడుగు, భుజం, ఊపిరి

వేగం పెరగాలంటే అడుగు పొడుగ్గా వేయాలనుకుని కాలు ముందుకు చాచేస్తారు. మడమ ఒంటికి చాలా ముందు నేలను తాకి ప్రతి అడుగుకీ బ్రేకు పడుతుంది, మోకాలికి దెబ్బ. పాదం మీ ఒంటి కిందే పడాలి. లెక్క తేలిక: 30 సెకన్లలో కుడి కాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టండి. లక్ష్యం వేగంలో 42 కంటే తక్కువ వస్తే అడుగులు కాస్త చిన్నవి చేసి చురుగ్గా వేయండి.

"నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి పీల్చాలి" అని గ్రౌండ్‌లో సీనియర్లు చెబుతుంటారు. నెమ్మది పరుగులో అది ఇబ్బంది కాదు. 1600 వేగంలో మాత్రం ముక్కు ఒక్కటే చాలదు. నోరూ ముక్కూ రెండూ తెరిచే ఉంచండి, గాలి గట్టిగా వదలడం మీద ధ్యాస పెట్టండి, పీల్చడం దానంతటదే జరుగుతుంది. డొక్కలో నొప్పి వస్తే వేగం కొద్దిగా తగ్గించి, నొప్పి ఉన్న చోట వేళ్లతో నొక్కి, పొడుగ్గా గాలి వదలండి. అది తరచూ వస్తోందంటే పరుగుకి ముందు కడుపు నిండా నీళ్లు గానీ తిండి గానీ పడుతోందేమో చూసుకోండి.

ఇప్పుడు మూడో రౌండు. పరుగు చెడేది అక్కడే కాబట్టి దాన్ని విడిగా సాధన చేయాలి. దాదాపు 900 మీటర్ల దగ్గర భుజాలు చెవుల వైపు లేస్తాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి, తల వెనక్కి వాలుతుంది. మీకు తెలియకుండానే వేగం పడిపోతుంది. అక్కడ చేయాల్సింది: నేరు దారిలోకి రాగానే రెండు అడుగుల పాటు చేతులు కిందికి వదిలేసి విదిలించండి, భుజాలు దిగుతాయి. వేళ్ల మధ్య పగలగూడని అటుకు ఉన్నట్టు పిడికిలి వదులుగా పెట్టండి. ముందు పరిగెత్తేవాడి వీపు మీద నెంబరు చూస్తూ కుడి కాలి అడుగులు ఇరవై లెక్కపెట్టండి, మళ్లీ ఒకటి నుంచి. మిగిలిన దూరం గురించి ఆలోచించొద్దు. మంగళవారం మూడో, నాలుగో 400లో దీన్నే చేయండి. అలవాటైతే ఆ రోజు దానంతటదే వస్తుంది.

నొప్పి, బూట్లు, తిండి

మోకాలి కింద లోపలి వైపు ఎముక వెంట బారుగా నొప్పి వస్తే ఒక్కసారిగా దూరం పెంచడమో, గట్టి నేలో, అరిగిన బూట్లో కారణం. వారం పది రోజులు జోరు పరుగు ఆపి, సైకిలు తొక్కండి, మడమల కసరత్తు చేయండి, మట్టి మీద నెమ్మదిగా తిరిగి మొదలెట్టండి. కానీ నొప్పి ఒకే ఒక్క చోట, వేలితో నొక్కితే ప్రాణం పోయేలా ఉండి, నడిచినా రాత్రి పడుకున్నా తగ్గకపోతే ఎముకలో సన్నని పగులు అయ్యుండొచ్చు. పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టరుకి చూపించాలి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం అన్నిటికంటే చెడ్డ పని. పగులు పెద్దదవుతుంది, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీలకు హాని చేస్తాయి. ఈవెంట్స్ ముందు "స్టామినా ఇంజెక్షన్" అంటూ ఎవరైనా ఇవ్వబోతే దగ్గరికి రానివ్వొద్దు.

బూట్లు ఖరీదైనవి అక్కర్లేదు. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ, మడమ జారకుండా పట్టు ఉంటే చాలు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కొత్తవి కనీసం రెండు మూడు వారాలు తొడిగాకే ఈవెంట్‌కి వేసుకోవాలి.

పరుగుకి గంట ముందు ఒక అరటిపండు చాలు. అయ్యాక అరగంట గంటలోపు ఇడ్లీ, పెసరట్టు, ఉడికించిన గుడ్లు, రాగి జావ ఏదైనా. రోజు మొత్తంలో బరువు కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ చూసుకోండి: గుడ్లు, పప్పు, శనగలు, పల్లీలు, పెరుగు, చేప. ఎండాకాలంలో ఆరున్నరలోపు గట్టి పని ముగించండి. తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ తాగండి. తల తిరిగి, మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి ఒంటి మీద నీళ్లు పోస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అన్నీ సరిగా చేస్తున్నా ఆయాసం తగ్గని వాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలు, ఒక్కసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. డెసిలీటరు రక్తంలో ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే. అది తక్కువున్నప్పుడు పట్టుదల లేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం అన్యాయం. నెలసరి రోజుల్లో నొప్పి లేకపోతే పరిగెత్తొచ్చు, ఇబ్బందిగా ఉంటే 400ల రోజును వెనక్కి జరుపుకోండి. ఒంటికి పట్టి ఉండే స్పోర్ట్స్ బ్రా, తెల్లవారుజామున తోడుగా ఇంకొకరు తప్పనిసరి.

మనసు నిలబడాలంటే

పూర్తి 1600 టైమ్ మూడు వారాలకు ఒక్కసారే తీయండి. ఇది వేగానికి ఎంత మేలో మనసుకి అంతకంటే మేలు. రోజువారీ టైమ్ నిద్రను బట్టి, ఉక్కను బట్టి పది సెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని రోజూ చూసేవాడు రోజు మార్చి రోజు ఓడిపోతాడు. అదే నోట్‌బుక్‌లో మంగళవారం 400లు ఎన్ని, ఎంతలో, ఎంత నడకతో అని రాసుకుంటే, నెల కిందట 110లో ఆయాసపడినవి ఇప్పుడు 104లో వస్తున్నాయని కళ్లకు కనిపిస్తుంది. పక్కన నిద్ర ఎన్ని గంటలో, నొప్పి ఎక్కడో కూడా రాయండి.

నాలుగైదు వారాల మధ్య అలసట పేరుకుని టైమ్ ఆగినట్టో వెనక్కి పోయినట్టో అనిపిస్తుంది. చాలామంది మానేసేది అక్కడే. ఆ వారం దూరం మూడో వంతు తగ్గించండి, పెంచొద్దు. తర్వాతి వారమే తేడా తెలుస్తుంది.

లేవబుద్ధి కాని రోజు పది నిమిషాలే అనుకుని బయలుదేరండి. పది నిమిషాల తర్వాత కూడా ఒళ్లు కదలకపోతే నిజంగానే తిరిగొచ్చేయండి, అప్పుడది బద్ధకం కాదు, విశ్రాంతి అవసరమే. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు రోజుల పని చేయకండి, వదిలేయండి. మీ స్థాయిలోనే ఉన్న ఒకరిని తోడు తెచ్చుకోండి. మీకంటే నిమిషం ముందున్నవాడి వెంట రోజూ పడితే ప్రతి నెమ్మది పరుగూ పోటీ అయిపోతుంది. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే "నాది 5:50" లాంటి మాటల వెనక గ్రౌండ్ ఎంత పొడుగుందో మీకు తెలియదు.

ఆ 400 మీటర్ల రౌండునే వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో బంగారు పతకం గెలిచింది, అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. కూలి పని చేసుకునే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి. మీ లేన్ కొలత కూడా ఆమె లేన్ కొలతే.

అన్నిటికంటే కష్టం, నోటిఫికేషన్ వాయిదా పడటం. తేదీ చెప్పరు, కోర్టు కేసులంటారు, ఇంట్లో "ఇంకెన్నాళ్లు" అంటారు. ఆ నెలల్లో పూర్తి జోరు సాధన కొనసాగిస్తే ఒళ్లూ మనసూ రెండూ అరిగిపోతాయి. వారానికి మూడు రోజులకు తగ్గించండి: ఒకటి నెమ్మది పరుగు, ఒకటి పొడుగు పరుగు, ఒకటి నాలుగైదు 400లు. ఇంతమాత్రం నిలుపుకుంటే తేదీ వచ్చాక ఆరు వారాల్లో మళ్లీ అందుకోవచ్చు. పూర్తిగా మానేస్తే మొదటి నుంచి రావాలి.

చివరి వారం, ఆ రోజు

చివరి వారం దూరం సగానికి తగ్గించండి. నాలుగు రోజుల ముందు మూడు 400లు లక్ష్యం వేగంలో కొట్టి ఆపేయండి. "ఇంకొక్కసారి చూసుకుందాం" అని రెండు రోజుల ముందు పూర్తి 1600 కొట్టినవాళ్లు కాళ్లలో అలసటతోనే గ్రౌండ్‌కి వెళ్తారు.

ఆ రోజు అలవాటున్న తిండే తినండి. బ్యాగులో రెండు అరటిపండ్లు, నీళ్లు, టోపీ పెట్టుకోండి. సర్టిఫికెట్లు, కొలతలు అయ్యేసరికి ఎంతసేపు పడుతుందో తెలియదు, నీడ దొరికిన చోట కూర్చోండి. మీ బ్యాచ్ పిలవడానికి పావుగంట ముందు వార్మప్ చేసి, ఆలస్యమైతే ఐదు నిమిషాలకోసారి అక్కడికక్కడే మోకాళ్లెత్తి కదులుతూ ఉండండి. విజిల్ పడగానే అందరూ దూసుకుపోతారు, పోనివ్వండి. మోచేతులు కాస్త ఎడంగా పెట్టి మీ చోటు కాపాడుకోండి. దాటాల్సి వస్తే మలుపులో కాకుండా నేరు దారిలో దాటండి. మొదటి రౌండు 103, రెండోది 103, మూడోది అడుగులు లెక్కపెడుతూ, నాలుగో రౌండులో 200 మీటర్లు మిగిలినప్పుడు చేతులు వేగంగా ఊపండి, కాళ్లు వాటి వెంట వస్తాయి. గీత దాటే దాకా కాదు, దాటాక ఐదు మీటర్ల దాకా పరిగెత్తండి. అక్కడే కూలబడకుండా ఐదు నిమిషాలు నడిచి, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగి, అరటిపండు తిని నీడలోకి వెళ్లండి. లాంగ్ జంప్, షాట్‌పుట్ లాంటివి ఇంకా మిగిలి ఉంటే వాటికి కాళ్లు కావాలి.